మాత్రలు వాటంతట అవి ఆగవు

మా ఇంటి తలుపు తాళంతో నాకు అస్సలు పడదు. అంకెలు నొక్కితే తెరుచుకునే రకం. వేలు కాస్త తడిగా ఉంటే నన్ను ఎరగనట్టు నటిస్తుంది. తప్పు నొక్కితే కూత పెడుతుంది. ఆ కూతకు ఎదురు ఫ్లాటువాళ్ల కుక్క జవాబు చెబుతుంది. రెండు చేతుల్లో కూరగాయల సంచులతో, నా సొంత గుమ్మం ముందు, ఒక కుక్క చేత విచారణ చేయించుకున్న సాయంత్రాలు చాలానే ఉన్నాయి. అంతటితో ఊరుకుంటుందా? లోపలినుంచి ఎవరు తలుపు తీసినా నా ఫోనుకు చాడీ చెబుతుంది. మీటింగు మధ్యలో, తలుపు తెరుచుకుందహో అని. తెరుచుకోకపోతే తలుపెందుకు?

ఫిర్యాదు చేసే హక్కు నాకు లేదు. ఆ తాళం మా అత్తగారి కోసం పెట్టించింది. ఆవిడ ఒంటరిగా బయటికి వెళ్లి దారి మర్చిపోతుందేమోనని. ఆవిడకు మతిమరుపని మా ఇంట్లో అందరికీ తెలుసు. చుట్టాలకు తెలుసు. కింద వాచ్‌మన్‌కు కూడా తెలుసు.

ఆవిడకు మతిమరుపు లేదు. ఉందని చెప్పింది నేను. లేదని తెలిసే చెప్పాను.

రాసి చూసుకుంటే ఇంతే. ఇన్నేళ్లూ ఇది నా మెడకు ఎందుకంత బరువుగా వేలాడిందో, ఈ నాలుగు ముక్కలు చూస్తే ఎవరికీ అర్థం కాదు. మీకు చెప్పడం ఒక రకంగా తేలిక. మీరు ఆవిణ్ణి చూడలేదు. రోజూ నాకు కంచంలో అన్నం పెట్టే మనిషి ఎదుట ఈ మాటలు నోటిదాకా వచ్చి, అక్కడినుంచి జోకుగా మారి బయటపడుతుండేవి. నా నోటికి ఆ అలవాటుంది.

మొదటినుంచీ చెబుతాను.

మాది కృష్ణా జిల్లా. మా అత్తగారిది చందానగర్. చుట్టూ ఇన్ని అపార్టుమెంట్లు లేనప్పటి చందానగర్. పెళ్లయిన కొత్తలో నేను "అత్తయ్యగారూ" అని పిలిస్తే వెనక్కి తిరిగి చూసి, "ఎవర్ని పిలుస్తున్నవ్ అల్లుడా? ఎవలన్న ఆఫీసరొచ్చిండా?" అని అడిగింది. అప్పటినుంచి 'గారు' మానేశాను. మామగారు పోయాక నల్లగండ్లలో మా దగ్గరే ఉంటోంది. ఉంటోంది అంటే మంచం పట్టి కాదు. పొద్దున్నే షేర్ ఆటో ఎక్కి చందానగర్ మార్కెట్‌కు వెళ్లి, అక్కడ కూరలవాళ్లతో బేరమాడి, చెల్లెలి ఇంట్లో చాయ్ తాగి, మా అపార్టుమెంటు ఎదుట అమ్మే కూరలను తిట్టుకుంటూ తిరిగొచ్చే మనిషి. ఇల్లు నడిపింది ఆవిడే. నేనూ, నా భార్య రజితా అందులో కిరాయికున్నట్టు ఉండేవాళ్లం.

ఒక చలికాలం ఆవిడ భుజాలూ తుంట్లూ బిగుసుకుపోయాయి. పొద్దున మంచం మీదినుంచి లేవాలంటే రజిత పట్టుకోవాలి. జడ వేసుకుందామంటే చెయ్యి తలదాకా లేవదు. ఇద్దరు ముగ్గురు డాక్టర్ల దగ్గరికి తిరిగాక, కీళ్ల డాక్టరు ఒకాయన రక్తపరీక్షలు చేయించి, ఆ జబ్బుకో పొడుగాటి పేరు చెప్పి, చిన్న తెల్లమాత్ర రాశాడు. ప్రెడ్నిసొలోన్. స్టెరాయిడ్ అని దాచకుండానే చెప్పాడు. పొద్దున్నే, ఏదైనా తిన్నాక వేసుకోవాలి. పరగడుపున వద్దు. షుగరు, బీపీ చూపించుకుంటూ ఉండాలి. ఎముకలకు వేరే మాత్ర. అన్నిటికన్నా ముఖ్యంగా, "నొప్పి తగ్గాక నెమ్మదిగా డోసు తగ్గించుకుంటూ వస్తాం. నెలలు పడుతుంది. మీ అంతట మీరు మాత్రం ఆపకండి," అన్నాడు. ఈ ముక్క నా మొహం చూసి చెప్పాడు. ఆ గదిలో అందరికన్నా ఎక్కువగా తల ఊపుతున్నది నేనే. అర్థమైనట్టు తల ఊపడం మా ఆఫీసుల్లో మొదట నేర్పే విద్య.

ఆ మాత్ర మంత్రంలా పనిచేసింది. వారం తిరక్కముందే ఆవిడ జడ ఆవిడే వేసుకుని, మార్కెట్‌కు బయల్దేరింది.

ఆ తర్వాత, డాక్టరు ముందే చెప్పినట్టు, మిగతావి వచ్చాయి. ముఖం గుండ్రంగా నిండింది. చూసినవాళ్లు "అల్లుడు మంచిగ పెడ్తున్నట్టున్నడు" అనేవాళ్లు. వాపును చూసి బలుపనుకోవడం అంటే ఏమిటో మా హాల్లోనే సోదాహరణంగా చూశాను. నా వంతుగా ఆవిడకు 'పున్నమి' అని పేరు పెట్టాను. పొద్దున్నే గదిలోంచి రాగానే "పున్నమి ఉదయించింది" అనేవాణ్ణి. ఆవిడ నవ్వేది. ఒకసారి అద్దం ముందు నిలబడి రెండు చెంపలూ వేళ్లతో లోపలికి నొక్కి చూసుకుంటోంది. నేను చూశానని ఆవిడకు తెలియదు. ఆ మర్నాడు కూడా నేను పున్నమి అనే పిలిచాను.

ఆకలి పెరిగింది. నిద్ర తగ్గింది. తెల్లవారకముందే లేచి అలమరలన్నీ ఖాళీ చేసి మళ్లీ సర్దేది. చిన్నదానికి కోపం వచ్చేది. పై ఫ్లాటువాళ్ల బాల్కనీ నుంచి నీళ్లు కారాయని వాళ్లతో చేసిన యుద్ధం గురించి మా అపార్టుమెంటులో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇదంతా మాత్ర చేయిస్తోందని మాకు తెలుసు. తెలిసినా, రోజంతా ఇంట్లో కూర్చుని పనిచేసేవాడికి కష్టమే. నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. వేరేవాళ్లు రాసినదాంట్లో తప్పులు పట్టడం నా పని. మీటింగులో నేను పెద్దమనిషి మొహం పెట్టి మాట్లాడుతుంటే, వెనక తలుపు తీసుకుని, "అల్లుడా, ఉప్మా చల్లగైతుంది, వాళ్లను జర ఆగమను" అని వచ్చేది. క్లయింటుకు తెలుగు రాకపోయినా విషయం అర్థమయ్యేది.

అలాంటి రోజుల్లో రజితకు ఆఫీసు పనిమీద పుణె వెళ్లాల్సొచ్చింది. వెళ్తూ వెళ్తూ అమ్మ మాత్రల సంగతి నాకు అప్పజెప్పింది. టిఫిన్ తిన్నాక అరచేతిలో పెట్టాలి. అంతే పని. ఆ వారంలోనే క్లయింటుకు మా పని చూపించే పెద్ద డెమో ఉంది నాకు. అదే రోజుల్లో ఎవరో ఒక వీడియో పంపారు. స్టెరాయిడ్లు ఎముకల్ని తినేస్తాయట, కళ్లకు పొరలు తెస్తాయట. అందులో అబద్ధమేమీ లేదు. అందుకే డాక్టరు తక్కువ డోసుకు దించుకుంటూ వస్తున్నాడు, అందుకే పరీక్షలు చేయిస్తున్నాడు. ఆ ముక్క వీడియోలో లేదు. నాకు తెలుసు. కానీ అప్పుడు నాకు కావలసినంతవరకే నాకు తెలియాలనిపించింది.

నిజంగా ఆవిడ ఎముకల గురించే భయపడ్డానా? ఇన్నేళ్లుగా ఈ ప్రశ్న తిప్పి తిప్పి చూస్తున్నాను. కొంచెం భయపడ్డాననే జవాబు వస్తే బాగుండునని ఎదురుచూస్తున్నాను. రాదు. నాకు ఇల్లు నిశ్శబ్దంగా కావాలి. డెమో అయ్యేదాకా. అంతే. భయాన్ని తర్వాత తెచ్చి ఆ కోరిక మీద కప్పాను.

మర్నాడు పొద్దున అరచేతిలో బీపీ మాత్ర పెట్టాను, ఎముకల మాత్ర పెట్టాను. తెల్లది పెట్టలేదు.

ఆవిడ అరచెయ్యి వంక చూసుకుంది.

"అల్లుడా, చిన్న తెల్లగోలీ ఏది? కనబడ్తలేదు."

"తగ్గింది కదా అత్తయ్యా."

"ఏంది తగ్గింది? గోలీనా, నొప్పా?"

"రెండూ."

ఆవిడ పకపకా నవ్వింది. "చల్లటి ముచ్చట చెప్పినవ్, నీ నోట్ల చక్కెర పొయ్య," అని ఉన్న రెండూ మింగి నీళ్లు తాగింది.

నా జీవితంలో అంత పొట్టి జోకు వేయలేదు. అంత బాగా పేలిన జోకూ లేదు. జబ్బు తగ్గినా తగ్గిందనే అంటాం, మందు తగ్గించినా తగ్గిందనే అంటాం. మన భాషలో ఉన్న ఆ సందులోంచి నేను దర్జాగా నడిచి వెళ్లిపోయాను. నిజానికి మాత్ర తగ్గలేదు. ఒక్కసారిగా పోయింది.

మొదట్లో అంతా నేను కోరుకున్నట్టే ఉంది. అలమరల చప్పుడు లేదు. యుద్ధాలు లేవు. డెమో బాగా జరిగింది. మా మేనేజరు మెచ్చుకున్నాడు. డెమో అయిపోయినా తెల్లమాత్ర మళ్లీ పెట్టలేదు. ఇంత చిన్న పనికి డాక్టర్లు నెలలు ఎందుకు తీసుకుంటారో అని నాలో నేను అనుకున్నాను కూడా. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను: ఆవిడ నెమ్మదించిందని నాకు సంతోషం వేసింది.

నెమ్మది కాదది. ఆవిడ తినడం మానేసింది. మధ్యాహ్నం పూట ఎన్నడూ పడుకోని మనిషి సోఫాలో ఒరిగిపోయింది. లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయంది. దువ్వెన తలదాకా తీసుకెళ్లలేక ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. అది చూశాను. చూసి, వాతావరణం మారింది కదత్తయ్యా అన్నాను. ఆకాశం మీద నెపం వేస్తే అదేమీ అనదు. ఆ తర్వాత వాంతులు. ఒక ఉదయం బాత్‌రూమ్ గుమ్మంలో కూలబడింది. ఒళ్లు చల్లగా, చెమటగా ఉంది. అత్తయ్యా అని పిలిస్తే కళ్లు తెరిచి, నన్ను చూసి, వాళ్ల తమ్ముడి పేరుతో పిలిచింది.

దగ్గర్లోని పెద్ద దవాఖానకు తీసుకెళ్లాను. ఎమర్జెన్సీలో చిన్న వయసు డాక్టరమ్మ. బీపీ చూసింది, మళ్లీ చూసింది. అత్తయ్య ముఖం వంకా, ముంజేతి మీద కాగితంలా పల్చబడి కమిలిన చర్మం వంకా చూసింది. 

"ఈమె స్టెరాయిడ్ వాడుతున్నారా?"

"వాడేవారండి."

"వాడేవారా? ఇప్పుడు?"

"ఆగిపోయాయండి."

నా నోట్లోంచి వచ్చిన మాట అది. ఆపేశాను అనలేదు. ఆగిపోయాయి. మా ఆఫీసులో సర్వరు ఎవరి చేతిలోనైనా చస్తే రిపోర్టులో ఏం రాస్తామో తెలుసా? 'సేవలు నిలిచిపోయాయి' అని రాస్తాం. ఫలానావాడు నిలిపేశాడని ఏ రిపోర్టులోనూ ఉండదు. ఏళ్ల తరబడి అలాంటి వాక్యాలు రాసీ రాసీ, నా నోటికి చేసినవాడు లేని వాక్యం ఊపిరంత సులువుగా వస్తుంది. మాత్రలు వాటంతట అవి ఆగవు. ఎవరో ఒకరు చెయ్యి ఆపాలి.

డాక్టరమ్మ నర్సుకు ఏదో ఇంజెక్షన్ చెప్పి, సెలైన్ పెట్టించి, వాళ్లు ఆ పనిలో ఉండగానే నన్నడిగింది.

"ఎందుకు ఆగాయి? ఎవరైనా ఆపమన్నారా?"

ఇక్కడ నిజం చెప్పి ఉండొచ్చు. చెప్పినా ఆవిడ నన్ను కొట్టేది కాదు. ఆ క్షణంలో నాకు డాక్టరమ్మ కనపడలేదు. నా ఫోను అందుకుని పుణెలో విమానం ఎక్కుతున్న రజిత కనపడింది.

"ఆవిడే వేసుకుంటారండి. ఈమధ్య కాస్త మర్చిపోతున్నారు."

డాక్టరమ్మ తల ఊపింది. పెద్దవాళ్లలో మామూలే అంది. ఈ మందు బయటినుంచి వస్తుంటే ఒంట్లో అలాంటిదాన్నే తయారుచేసే గ్రంథి నిద్రపోతుందనీ, ఒక్కసారిగా మానేస్తే అది వెంటనే లేవదనీ, అప్పుడు మనిషి ఇలా పడిపోతుందనీ, ఇంకాస్త ఆలస్యమైతే ప్రాణం పోయేదనీ చెప్పింది. నాకు అర్థమయ్యేలా, ఓపిగ్గా చెప్పింది. నేను మర్యాదగా విన్నాను.

సాయంత్రానికి అత్తయ్య తేరుకుంది. అంత వేగంగా తేరుకోవడం చూస్తే, ఒంటికి లేనిదేమిటో, లేకుండా చేసిందెవరో నాకెవరూ చెప్పనక్కర్లేదు. రజిత వచ్చి మంచం పక్కన కూర్చుంది. ఆవిడ కూతురి చెయ్యి పట్టుకుని, నా వంక తిరిగి, మెల్లగా అడిగింది.

"నువ్వే గద అల్లుడా, తగ్గిందన్నవ్?"

రజిత నన్ను చూసింది.

"నేనా? నేనెప్పుడన్నాను అత్తయ్యా? ఈ నీరసంలో మీకేదో అనిపించి ఉంటుంది."

అబద్ధానికి అంత మెత్తని గొంతు ఎక్కడిదో నాకు. ఆవిడ నా ముఖాన్నే చూసింది. కోపం లేదు. వెతుకుతున్నట్టు చూసింది. ఆ తర్వాత కళ్లు పైకప్పు వైపు తిప్పుకుని, "గట్లనేమో," అంది.

నేను చేసిన అసలు తప్పు ఏదని అడిగితే మాత్ర ఆపడం అనను. అది మూర్ఖత్వం, స్వార్థం, దానికి పేర్లున్నాయి. ఆ 'గట్లనేమో' దగ్గర జరిగినదానికి నా దగ్గర పేరు లేదు. ఒక మనిషి తన కళ్లతో చూసి, చెవులతో విన్నదాన్ని, నా ముఖం మీద నమ్మకంతో పక్కన పెట్టేసింది.

రజితకు అనుమానం రాకుండా ఒక చిన్న తప్పు ఒప్పుకున్నాను. కాల్స్‌లో ఉండి మాత్రలు నేను చేతికివ్వలేదు, అట్టలు టేబుల్ మీద పెట్టి మీరే వేసుకోండన్నాను అని. ఇంటికెళ్లి చూస్తే ఆ రోజుల తెల్లమాత్రలన్నీ అట్టలో అట్లాగే ఉన్నాయి. కథ అతికినట్టు సరిపోయింది. రజిత నన్ను తిట్టింది. తల వంచుకుని తిట్లు తిన్నాను. చిన్న తప్పు తల వంచుకుని ఒప్పుకున్నవాణ్ణి పెద్ద తప్పు గురించి ఎవరూ అడగరు. 

ఇంటికి పంపే రోజు వార్డు నర్సు వచ్చింది. గుంటూరు వైపు అమ్మాయి. అత్తగారి పక్కన కూర్చుని జాగ్రత్తలన్నీ చెప్పింది. టిఫిన్ తిన్నాకే వేసుకోవాలి. జ్వరమొచ్చినా, వాంతులైనా మానకూడదు, వెంటనే డాక్టరుకు ఫోన్ చెయ్యాలి. పళ్ల డాక్టరు దగ్గరికెళ్లినా సరే ముందు ఈ మందు సంగతి చెప్పాలి. దగ్గూ జలుబూ ఉన్నవాళ్లకు దూరంగా ఉండాలి. స్టెరాయిడ్ వాడుతున్నట్టు రాసిన చిన్న కార్డు ఎప్పుడూ సంచీలో ఉండాలి. చివర్న ఆవిడ చెయ్యి నిమిరి, చంటిపిల్లకు చెప్పినట్టు, "ఒక్కరోజు కూడా మర్చిపోకూడదమ్మా, సరేనాండీ?" అంది.

మా అత్తగారు తప్పు చేసిన బడిపిల్లలా తల ఊపింది. "మర్వ బిడ్డా. ఇగ మర్వ."

నేను అక్కడే, సంచులు పట్టుకుని నిలబడి ఉన్నాను.

ఆ మందు తర్వాత పద్ధతి ప్రకారం, చాలా నెమ్మదిగా తగ్గించి, ఒకరోజు డాక్టరే చాలన్నాడు. జబ్బు పోయింది. ముఖం మామూలైంది. మతిమరుపు మాత్రం తగ్గలేదు, లేనిది ఎలా తగ్గుతుంది? గ్యాస్ దగ్గరికి ఒంటరిగా వెళ్లొద్దన్నారు. మార్కెట్ మాన్పించారు, కూరగాయలు తేవడం నా పనైంది. తాళం వచ్చింది. రజిత ఒకసారి పట్టుబట్టి జ్ఞాపకశక్తి పరీక్ష చేయించింది. వారాల పేర్లు వెనకనుంచి చెప్పమంటే ఆవిడ గడగడా చెప్పి, నెలలు కూడా చెప్పాల్నా అని డాక్టరునే అడిగింది. ఆయన ఈ వయసుకు భేషుగ్గా ఉందన్నాడు. "పరీక్ష చేసిన రోజు ఏదో బాగున్నట్టుంది," అన్నాడు మా బావమరిది. అందరూ ఔనన్నారు. నేనూ ఔనన్నాను.

మెల్లగా ఆవిడ కూడా మాతో కలిసింది. "కూరల ఉప్పేసిన్నా అల్లుడా, చూడు," అని గరిట చాపేది. వేసి ఉండేది. ప్రతిసారీ సరిపోయే ఉండేది. "నేను స్నానం చేసిన్నా?" అని తడిజుట్టు తుడుచుకుంటూ రజితను అడిగిన రోజు, నేను లేచి బాల్కనీలోకి వెళ్లిపోయాను. ఆవిడకు జ్ఞాపకం లేక కాదు. ఉన్న జ్ఞాపకాన్ని నమ్మే ధైర్యం లేక. ఆ ధైర్యాన్ని తీసింది నేను.

ఈలోగా నేనేం చేశానో చెబితే నవ్వుతారు. పండితుణ్ణయ్యాను. క్యాంటీన్‌లో ఎవరైనా ఉబ్బసానికో, చర్మానికో డాక్టరు స్టెరాయిడ్ రాశాడంటే చాలు, పళ్లెం పక్కన పెట్టి ఉపన్యాసం మొదలు. తిన్నాక వేసుకో, షుగరు చూసుకో, బాగుందని మధ్యలో ఆపకు. ఒకతను, "నీకు ఇవన్నీ ఎలా తెలుసు బాస్?" అంటే, "మా అత్తగారు ఒకసారి మర్చిపోయి మానేసింది," అన్నాను. జాగ్రత్త చెప్పడానికి కూడా అబద్ధాన్నే వాడుకున్నాను. ఆవిడ పరువును ఉదాహరణగా పంచిపెట్టాను.

ఎప్పటికీ ఇలాగే గడిచిపోయేదేమో. రజిత చెల్లెలు సరిత పురిటికి మా ఇంటికొచ్చింది.

మా అత్తగారికి ఒక విద్య ఉంది. చంటిపిల్లలకు నీళ్లుపోయడం. పీట వేసుకుని కాళ్లు చాపి, కాళ్ల మీద బిడ్డను బోర్లా పడుకోబెట్టి, నూనె రాసి, మోచేత్తో నీళ్ల వేడి చూసుకుని, చెంబుతో ధార పోస్తుంటే, ఏడ్చే బిడ్డ కూడా ఊరుకుంటుందట. చందానగర్‌లో వాళ్ల గల్లీలో పుట్టిన పిల్లలందరికీ ఆవిడే పోసింది. ఇప్పుడు పెళ్లీడుకొచ్చిన మగవాళ్లు దారిలో కనపడి "పెద్దమ్మా" అని నమస్కారం పెడితే, "వీడు నా కాళ్ల మీద ఎన్నిసార్లు ఉచ్చపోసిండో" అని నాకు పరిచయం చేసేది.

సరితకు ఆడపిల్ల పుట్టింది. ఇంటికొచ్చిన మర్నాడు పొద్దున్నే ఆవిడ పీట కడిగి, చీర కుచ్చెళ్లు ఎగదోపుకుని, నూనె గిన్నెతో తయారైంది. చాలారోజుల తర్వాత ఆవిడ నడకలో పాత వేగం చూశాను. సరిత బిడ్డను ఎత్తుకుని గదిలోంచి వచ్చింది, పీట చూసి ఆగింది.

"వద్దమ్మా," అంది మెల్లగా. "నీళ్ల వేడి చూసుకునుడు మర్చిపోతవు. ఆయమ్మను మాట్లాడినం, వస్తది."

ఆవిడ వాదిస్తుందనుకున్నాను. పోట్లాడుతుందనుకున్నాను. దేవుడా, పోట్లాడాలి అనుకున్నాను.

"అవ్ బిడ్డా," అంది. "నిజమే. పసిగుడ్డు. నాకు యాదుండది." పీట తీసి గోడకు నిలబెట్టింది. నూనె చేతులు తన కాళ్లకే రాసుకుంది.

నాకు అక్కడ నవ్వించే మాట ఒక్కటీ దొరకలేదు.

ఆ మధ్యాహ్నం రజిత ఆఫీసులో ఉంది. సరిత, బిడ్డ లోపల గదిలో ఉన్నారు. ఆవిడ బాల్కనీలో కూర్చుని గోంగూర ఆకు తుంచుతోంది. నేను ఎదురుగా నేల మీద కూర్చున్నాను. లాప్‌టాప్ లేకుండా నేను కూర్చోవడం చూసి, "నౌకరి పోయిందా?" అంది. లేదన్నాను. కాసేపు నేను కూడా ఆకు తుంచాను. కాడలతో సహా తుంచుతున్నానని ఆవిడ నా ముందున్న కట్ట లాగేసుకుంది.

అప్పుడు చెప్పాను. మాత్ర మీరు మర్చిపోలేదు. నేనే ఆపేశాను. మీరు అడిగితే తగ్గిందన్నాను. దవాఖానలో మీరు రజిత ముందు అడిగితే, అనలేదన్నాను. మీకు మతిమరుపని మొదట చెప్పింది నేనే. 

ఈసారి వాక్యాలన్నిట్లో నేను ఉన్నాను. ప్రతి పనికీ చేసినవాడు ఉన్నాడు. చెప్పడం ముగియగానే ఛాతీలో ఏదో వదులైంది. సిగ్గుపడాల్సినంత తొందరగా వదులైంది. ఇంత తేలికా, ఇన్నాళ్లూ ఇందుకా అనిపించింది. ఆవిడ ముఖం చూసేదాకా అలాగే అనిపించింది.

ఆవిడ చేతులు ఆగాయి. లోపల బిడ్డ ఒకసారి మూలిగి ఊరుకుంది.

"నీలం అంగీ ఏసుకున్నవ్ గప్పుడు," అంది చివరికి. "చెవులల్ల వైర్లు పెట్టుకున్నవ్. ఒక దిక్కుది తీసి, చెప్పి, మళ్ల పెట్టుకున్నవ్. దోసెలు చేసిన నేను ఆ పొద్దు. నువ్వు మాడింది ఒకటి వదిలిపెట్టినవ్."

నాకు ఇవేవీ గుర్తులేవు. 

"నాకంతా కండ్ల ముంగట్నే ఉంటుండె. కలనేమో అనుకున్న," అంది.

"క్షమించండి అత్తయ్యా," అన్నాను. అనకూడని మాటలా వినిపించింది నాకే. ఆవిడ ఆ మాట పట్టించుకోలేదు. ఒళ్లోని ఆకు దులుపుకుని, గది తలుపు వైపు చూసి, నా వైపు తిరిగింది.

"నాకెందుకు చెప్తున్నవ్? నేను మర్చిపోయిన్నని ముందుగాల నేను ఎవలకు చెప్పలే. నువ్వు ఎవలెవలకు చెప్పినవో వాళ్లకు చెప్పుపో. సరిత లోపట్నే ఉన్నది."